పరాచీలో స్థిరపడటం: బ్రెజిల్ తీరంలోని ఒక చిన్న ఊరికి సమగ్ర మార్గదర్శి

రియో డి జనీరో, సావో పౌలో నగరాల మధ్య, అడవి కప్పిన కొండలకూ దీవులు నిండిన సముద్రానికీ నడుమ ఉన్న ఊరు పరాచీ. 2022 జనాభా లెక్కల ప్రకారం మునిసిపాలిటీ మొత్తం కలిపి 45 వేల పైచిలుకు జనం. ఒకప్పుడు మినాస్ జెరాయిస్ గనుల బంగారం ఇక్కడి రేవు నుంచే ఓడలెక్కింది. తర్వాత వేరే వైపు కొత్త దారులు పడ్డాయి, రైలు కూడా అటే వచ్చింది, ఈ ఊరిని అందరూ మర్చిపోయారు. 1970లలో రియో-సాంటోస్ రహదారి పడేదాకా అలాగే ఉండిపోయింది కాబట్టే పాత ఊరు చెక్కుచెదరకుండా మిగిలింది. 2019లో పరాచీకీ, పక్కనున్న ఇల్యా గ్రాండే దీవికీ కలిపి యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు ఇచ్చింది.

ఫోటోలు చూసి ఇక్కడికి వచ్చేయాలనిపించడం సహజం. కానీ ఇక్కడ నిలదొక్కుకోవడానికి ఒక వరుస ఉంది. కాగితాలు ఇండియాలోనే సరిచేసుకోవాలి. ఒక వానాకాలమంతా అద్దె ఇంట్లో గడపాలి. ఆ తర్వాతే స్థలం మాట ఎత్తాలి. ఈ వరుస తప్పినవాళ్లే ఎక్కువ డబ్బు పోగొట్టుకుంటారు. అందుకే ఈ మార్గదర్శిని కూడా అదే వరుసలో రాస్తున్నాను.

అడుగు 1: ఊరు మీకు సరిపోతుందా?

పరాచీ సముద్రపు ఊరే కానీ ఊళ్లో మంచి బీచ్ లేదు. పోంటాల్, జబాక్వారా తీరాల్లో అడుగంతా బురద, ఈతకు అంత బాగుండదు. మంచి ఇసుక కావాలంటే బస్సెక్కి త్రిందాజీ వెళ్లాలి, లేదా పడవ మాట్లాడుకోవాలి. ప్రాయా దో సోనో లాంటి చోట్లకు రోడ్డే లేదు, కాలిబాటో పడవో దిక్కు.

పాత ఊరి వీధుల్లో ఎగుడుదిగుడు బండరాళ్లు పరిచి ఉంటాయి. అక్కడికి కార్లను రానివ్వరు. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలను తీసుకొస్తున్నట్లయితే ఆ వీధుల్లో ఇల్లు వద్దు. అమావాస్యకూ పౌర్ణమికీ వచ్చే పెద్ద పోట్లకు సముద్రం నీళ్లు కొన్ని వీధుల్లోకి వచ్చి, మళ్లీ పాటుతో వెళ్లిపోతాయి. వీధుల్ని కట్టినప్పుడే అలా వాలు పెట్టారు కాబట్టి ఊరివాళ్లకు అది వింత కాదు.

బస్సులో రియోకు నాలుగున్నర నుంచి ఐదు గంటలు, సావో పౌలోకు ఆరు గంటల దాకా పడుతుంది. హైదరాబాద్ నుంచి నేరుగా విమానం లేదు. దుబాయ్ లేదా దోహా మీదుగా సావో పౌలో చేరి, అక్కడి నుంచి రోడ్డు మార్గంలో రావాలి.

ఇక సమయం సంగతి. బ్రెజిల్ మన కంటే ఎనిమిదిన్నర గంటలు వెనక ఉంటుంది. హైదరాబాద్ ఆఫీసులో ఉదయం 9 అయితే ఇక్కడ రాత్రి 12:30. మన కంపెనీతో ఇండియా టైమింగ్స్‌లో పనిచేసేవాళ్లు ఇక్కడ పగలంతా నిద్రపోతారు, వచ్చిన ప్రయోజనమే ఉండదు. అమెరికా, యూరప్ క్లయింట్లతో పనిచేసేవాళ్లకు మాత్రం ఈ గడియారం చక్కగా కుదురుతుంది.

అడుగు 2: వీసా ఎంచుకోవడం

ఇండియన్ పాస్‌పోర్టుతో వెళ్లేవాళ్లు బయలుదేరే ముందే వీసా తీసుకోవాలి. సందర్శక వీసా మీద 90 రోజులు ఉండొచ్చు, పొడిగించుకుంటే ఏడాదిలో మొత్తం 180 రోజుల దాకా. ఊరు చూసి రావడానికి అది చాలు. కాపురం పెట్టడానికి చాలదు.

ఆన్‌లైన్‌లో పనిచేసేవాళ్లకు 2022 జనవరి నుంచి డిజిటల్ నోమాడ్ వీసా అందుబాటులో ఉంది. దానికి బ్రెజిల్ బయటి కంపెనీ నుంచో క్లయింట్ల నుంచో నెలకు కనీసం 1,500 డాలర్ల ఆదాయం చూపించాలి, లేదా బ్యాంకులో 18,000 డాలర్ల నిల్వ చూపించాలి. బ్రెజిల్‌లో చెల్లే ఆరోగ్య బీమా, పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్, రిమోట్‌గా పనిచేస్తున్నట్టు కంపెనీ ఉత్తరం కావాలి. ముందు ఏడాదికి ఇస్తారు, ఇంకో ఏడాది పొడిగించుకోవచ్చు. నా లెక్కలో చాలామంది తెలుగు ఐటీ వాళ్లకు సరిపడే దారి ఇదే.

పింఛనుదారుల వీసాకు నెలకు 2,000 డాలర్ల పింఛను ఉండాలి. అంటే లక్షా డెబ్బై వేల రూపాయలకు పైమాటే. మన ప్రభుత్వ పింఛన్లలో అంత వచ్చేవి తక్కువ కాబట్టి ఆశ పెట్టుకునే ముందు స్లిప్పు చూసుకోండి. బ్రెజిల్ పౌరుల్ని పెళ్లి చేసుకున్నవాళ్లకూ, ఇక్కడ బిడ్డ పుట్టినవాళ్లకూ కుటుంబ ప్రాతిపదికన నివాస హక్కు వస్తుంది. ఇల్లు కొనడం ద్వారా నివాసం పొందే దారీ ఉంది. దానికి మామూలుగా 10 లక్షల రెయాల్స్ (బ్రెజిల్ కరెన్సీ), ఉత్తర, ఈశాన్య ప్రాంతాల్లో అయితే 7 లక్షలు పెట్టుబడి పెట్టాలి. పరాచీ ఆగ్నేయంలో ఉంది కాబట్టి పెద్ద మొత్తమే వర్తిస్తుంది. ఈ దారిలో తొందరపడొద్దని ఎందుకంటున్నానో చివరి అడుగులో చెబుతాను.

గడువు దాటి ఉంటే రోజుకు 100 రెయాల్స్ జరిమానా పడుతుంది. ఇంకో సంగతి: నాలుగేళ్ల నివాసం తర్వాత పౌరసత్వానికి దరఖాస్తు చేసుకోవచ్చు కానీ ఇండియా రెండు పౌరసత్వాల్ని ఒప్పుకోదు.

అడుగు 3: ఇండియాలోనే తేల్చుకోవాల్సినవి

తెలుగువాళ్లకు అన్నిటికంటే ఎక్కువ చిక్కు వచ్చేది పేర్ల దగ్గర. బ్రెజిల్‌లో ప్రతి ఫారం మీదా అమ్మ పేరు, నాన్న పేరు అడుగుతారు. ముఖ్యంగా అమ్మ పేరును మనిషి గుర్తింపుకు ఆధారంగా వాడతారు. బ్యాంకు ఫోన్ చేసినా, ఆసుపత్రిలో పాత రికార్డు వెతికినా అమ్మ పేరు అడగడం మామూలే. మన కాగితాల్లో అమ్మ పేరు పెళ్లికి ముందు ఇంటిపేరుతో ఒకచోట, తర్వాతి ఇంటిపేరుతో మరోచోట, పొడి అక్షరాలతో ఇంకోచోట ఉంటుంది. పాస్‌పోర్టు, జనన ధృవీకరణ పత్రం, పెళ్లి సర్టిఫికెట్, ఈ మూడింటిలో పేర్లు అక్షరం తేడా లేకుండా ఉండేలా ముందే సరిచేయించుకోండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లు అది కూడా నింపించుకోండి. ఇక్కడికి వచ్చాక సరిచేయాలంటే సావో పౌలోలోని భారత కాన్సులేట్ చుట్టూ తిరగాలి.

తర్వాత ఆ కాగితాలకు అపోస్టిల్, అంటే విదేశాల్లో చెల్లేలా ప్రభుత్వం వేసే ధృవీకరణ ముద్ర, వేయించాలి. ఇండియా, బ్రెజిల్ రెండూ హేగ్ అపోస్టిల్ ఒప్పందంలో ఉన్నాయి కాబట్టి విదేశాంగ శాఖ ముద్ర పడితే ఇక్కడ చెల్లుతుంది. పోర్చుగీసు అనువాదం మాత్రం బ్రెజిల్‌లో ప్రమాణం చేసి నమోదైన అనువాదకులతోనే చేయించాలి. ఇండియాలో చేయించిన అనువాదాన్ని ఇక్కడి ఆఫీసులు సాధారణంగా ఒప్పుకోవు, డబ్బు దండగ.

మూడోది పసుపు జ్వరం టీకా. దీన్ని అసలు మర్చిపోవద్దు. బ్రెజిల్ ఆ జ్వరం ఉన్న దేశాల జాబితాలో ఉంది. టీకా కార్డు లేకుండా బ్రెజిల్ నుంచి ఇండియాలో దిగితే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. ఇంట్లో పెళ్లికో, ఎవరికైనా బాగోలేకనో హడావిడిగా బయలుదేరినప్పుడు శంషాబాద్‌లో ఆగిపోవాల్సి వస్తే ఆ బాధ చెప్పలేం. టీకా వేయించుకున్న పదో రోజు నుంచి కార్డు చెల్లుతుంది, ఆ తర్వాత జీవితాంతం. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు. పరాచీ చుట్టూ ఉన్నది అట్లాంటిక్ అడవి కాబట్టి ఆ టీకా మీ ఆరోగ్యానికీ అవసరమే.

అడుగు 4: మొదటి 90 రోజులు

దిగగానే కావలసింది సీపీఎఫ్ నంబరు. పదకొండు అంకెలు. పన్ను శాఖ ఇచ్చే నంబరే అయినా సిమ్ కార్డు, బ్యాంకు, ఇంటి అద్దె, మందుల షాపులో డిస్కౌంట్, ఆన్‌లైన్ ఆర్డరు, అన్నిటికీ అదే అడుగుతారు. ఇండియాలో ఉండగానే బ్రెజిల్ కాన్సులేట్ ద్వారా తీసుకోవచ్చు, అలా తీసుకుని రావడమే మేలు.

తాత్కాలిక నివాస వీసాతో వచ్చినవాళ్లు 90 రోజుల్లోపు ఫెడరల్ పోలీసు దగ్గర నమోదు చేసుకోవాలి. పరాచీ వాళ్లు అంగ్రా దోస్ రేయిస్ వెళ్లాలి, సుమారు వంద కిలోమీటర్లు. ఆన్‌లైన్‌లో ఫారం నింపి, ఫీజు కట్టి, అపాయింట్‌మెంట్ తీసుకున్నాకే బయలుదేరండి. వేలిముద్రలు తీసుకుని ముందు ఒక రశీదు ఇస్తారు, కార్డు తర్వాత వస్తుంది. ఆ రశీదు మీదే బ్యాంకు ఖాతా లాంటి పనులు మొదలవుతాయి కాబట్టి దాన్ని జాగ్రత్తగా పెట్టుకోండి. 90 రోజులున్నాయి కదా అని చివరి వారం దాకా ఆగొద్దు. వానాకాలంలో కొండచరియలు విరిగిపడి ఆ రోడ్డు మూతపడటం ఇక్కడ కొత్త కాదు.

చెల్లింపుల విషయంలో మనవాళ్లకు ఇబ్బందే ఉండదు. 2020 నవంబరులో బ్రెజిల్ కేంద్ర బ్యాంకు తెచ్చిన పిక్స్ మన యూపీఐ లాగే పనిచేస్తుంది. కొబ్బరిబోండాల బండి దగ్గర కూడా చెల్లుతుంది. ఫోన్ దొంగతనాలు జరిగే దేశం కాబట్టి బదిలీల పరిమితి మాత్రం తక్కువగా పెట్టుకోండి. పిక్స్ కీగా, అంటే డబ్బు పంపేవాళ్లకు ఇచ్చే ఐడీగా, సీపీఎఫ్, ఫోన్ నంబరు, ఈమెయిల్ ఏదైనా పెట్టొచ్చు. నేనైతే ఈమెయిలే మంచిదంటాను, సీపీఎఫ్ అందరి చేతికీ వెళ్లదు.

అడుగు 5: అద్దె ఇల్లు

ఇక్కడ ఇంటి సంగతంతా సీజన్ చుట్టూ తిరుగుతుంది. డిసెంబరు చివరి నుంచి కార్నవాల్ దాకా, మళ్లీ పెద్ద సెలవులకూ, ఊళ్లో జరిగే సాహిత్య ఉత్సవానికీ ఇంటి యజమానులు ఒక్క వారంలో మామూలు నెల అద్దె కంటే ఎక్కువ సంపాదిస్తారు. అందుకే చాలామంది మార్చి నుంచి నవంబరు దాకా ఇచ్చి, తర్వాత ఖాళీ చేయమంటారు. చట్టం చూస్తే, 90 రోజుల లోపు ఇచ్చేది సీజన్ అద్దె. దానికి మొత్తం డబ్బు ముందే తీసుకోవచ్చు. మామూలు నివాసపు అద్దె 1991 నాటి అద్దెదారుల చట్టం కిందికి వస్తుంది. 30 నెలలకు రాతపూర్వకంగా ఒప్పందం చేసుకుంటే ఆ గడువులోపు మిమ్మల్ని ఖాళీ చేయించడం కష్టం. మీరు మధ్యలో వెళ్లిపోవాలనుకుంటే మిగిలిన కాలానికి తగ్గట్టు జరిమానా కట్టి వెళ్లొచ్చు. కాబట్టి 30 నెలల ఒప్పందం అనగానే భయపడొద్దు, అది ఎక్కువగా మీకే రక్షణ.

హామీగా స్థానికంగా ఆస్తి ఉన్న మనిషిని చూపించమంటారు. కొత్తగా వచ్చినవాళ్లకు అలాంటివాళ్లు దొరకరు. బదులుగా డిపాజిట్ ఇవ్వొచ్చు, దానికి చట్టం పెట్టిన పరిమితి మూడు నెలల అద్దె. అంతకు మించి అడిగితే ఒప్పుకోవద్దు. ఇంటి పన్ను, నీళ్లు, చెత్త ఎవరు కట్టాలో ఒప్పందంలో రాయించుకోండి. ఇల్లు కళ్లారా చూడకుండా ఎవరికీ అడ్వాన్సు పంపొద్దు. లేని ఇంటిని అద్దెకిచ్చే మోసాలు తీరపు ఊళ్లలో ప్రతి వేసవిలోనూ జరుగుతాయి.

ఇల్లు చూసేటప్పుడు నేలకంటే గోడలు చూడండి. అల్మారా తెరిచి వాసన చూడండి. ఇక్కడి తేమకు తోలు చెప్పులు, పుస్తకాలు, పట్టుచీరలు కొద్ది వారాల్లోనే బూజు పడతాయి. పెళ్లి పట్టుచీరలు ఇండియాలోనే వదిలి రండి, నిజంగా చెబుతున్నాను. మధ్యాహ్నం ఎండ పడే గది, ఎదురెదురు కిటికీలు ఉన్న ఇల్లు దొరికితే అద్దె కొంచెం ఎక్కువైనా తీసుకోవచ్చు. తేమ పీల్చే యంత్రం ఒకటి కొనుక్కోవడం విలాసం కాదు. కప్పు మీద నీళ్ల ట్యాంకు ఎంత పెద్దది, మరుగుదొడ్డి నీళ్లు సెప్టిక్ ట్యాంకులోకి వెళ్తాయా, దాన్ని చివరిసారి ఎప్పుడు ఖాళీ చేశారు అని అడగండి. కొత్త సంవత్సరం వారంలో ఊరి జనం ఒక్కసారిగా పెరిగి నీళ్లకు కొరత వస్తే ఈ ప్రశ్నల విలువ తెలుస్తుంది.

కరెంటు గురించి ముందే తెలుసుకుని రావాలి. ఈ ప్రాంతంలో సాధారణ ప్లగ్గు 127 వోల్టులు, 60 హెర్ట్జులు. మన మిక్సీ, వెట్ గ్రైండర్, ఇస్త్రీపెట్టె 230 వోల్టులవి. నేరుగా పెడితే మిక్సీ నీరసంగా తిరుగుతుంది, పప్పు నలగదు. ఇంటికి రెండు ఫేజులు వస్తుంటే ఎలక్ట్రీషియన్‌తో వంటింట్లో 220 వోల్టుల సాకెట్ ఒకటి పెట్టించుకోవచ్చు. లేదంటే ట్రాన్స్‌ఫార్మర్ కొనాలి. ఫోన్, లాప్‌టాప్ చార్జర్లకు ఇబ్బంది లేదు కానీ ప్లగ్గు ఆకారం వేరు, మూడు పిన్నుల బ్రెజిల్ రకం. స్నానాల గదిలో షవర్ తలలోనే హీటర్ ఉంటుంది. నీళ్లు పారుతుండగా దాని వేడి మార్చే మీట ముట్టుకోవద్దు, ఎర్త్ వైరు ఉందో లేదో చూపించమనండి.

అడుగు 6: వాన, కొండ, సముద్రం

మిగతా అన్నిటికంటే ఇదే ముఖ్యం. ఈ ఊరి వెనక కొండలు సముద్రం దగ్గరే నిటారుగా లేస్తాయి. సముద్రం మీంచి వచ్చే తేమగాలి వాటిని తాకి పైకి లేచి, చల్లబడి, అక్కడే కురుస్తుంది. ఏడాదంతా వానలుంటాయి కానీ నవంబరు నుంచి మార్చి, ఒక్కోసారి ఏప్రిల్ దాకా కుండపోతలు. కొండ రాతి మీద మట్టి పొర పలచన. నీళ్లు నిండగానే చెట్లతో సహా జారుతుంది. 2022 ఏప్రిల్ మొదటి రోజుల్లో పరాచీ మునిసిపాలిటీలోని పోంటా నెగ్రా అనే జాలరి పల్లెలో కొండచరియ పడి ఒక తల్లీ ఆమె పిల్లలూ చనిపోయారు. 2023 ఫిబ్రవరిలో ఇదే తీరంలో సావో పౌలో వైపున్న బెర్టియోగాలో 24 గంటల్లో 683 మిల్లీమీటర్ల వాన పడింది, సావో సెబాస్టియావోలో పదుల మంది ప్రాణాలు పోయాయి.

కాబట్టి ఇల్లు తీసుకునే ముందు చేయాల్సిన పనులివి. ఇంటి వెనక నిట్టనిలువు మట్టి కోత ఉంటే ఆ ఇల్లు వద్దు, వ్యూ ఎంత బాగున్నా సరే. పెరెకె-అసు, మాతెయుస్ నూనెస్ నదుల ఒడ్డున ఉంటే ఇరుగుపొరుగుని అడిగి, నీళ్లు గోడ మీద ఎంతదాకా వచ్చాయో చూపించమనండి. ఇంటి యజమానిని కాదు, పక్కింటివాళ్లనే అడగండి. మీ ప్రాంతపు పిన్‌కోడ్‌ను 40199 నంబరుకు ఎస్ఎంఎస్ చేస్తే పౌర రక్షణ శాఖ హెచ్చరికలు ఫోన్‌కే వస్తాయి. దిగిన రోజే చేయండి, ఖర్చు లేదు. ఆ శాఖ అత్యవసర నంబరు 199. పెద్ద వాన హెచ్చరిక ఉంటే రియో-సాంటోస్ రోడ్డు మీద ప్రయాణం మానుకోండి. రోడ్డు తెగితే రెండు మూడు రోజులు సరుకు రాకపోవచ్చు. బియ్యం, గ్యాసు, తాగునీళ్లు, మందులు వారానికి సరిపడా ఎప్పుడూ ఇంట్లో ఉంచుకోండి.

త్రిందాజీ వైపు అలలు అందంగా ఉంటాయి, లోపలికి లాగే ప్రవాహాలూ బలంగా ఉంటాయి. గోదావరిలో ఈదినవాళ్లయినా సరే స్థానికులు దిగని చోట దిగవద్దు.

అడుగు 7: వైద్యం

బ్రెజిల్ ప్రభుత్వ వైద్య వ్యవస్థ పేరు సూస్. 1988 రాజ్యాంగంలోంచి వచ్చింది. విదేశీయులకు కూడా ఉచితమే. సీపీఎఫ్, చిరునామా పట్టుకుని మీ పేటలోని ఆరోగ్య కేంద్రానికి వెళ్లి నమోదు చేయించుకోండి. పేటకొక ఆరోగ్య కార్యకర్త ఇంటింటికీ తిరుగుతుంటారు, మన ఆశా వర్కర్లను చూసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. టీకాలు, బీపీ, షుగర్ మందులు, గర్భిణుల పరీక్షలు ఇక్కడ బాగా జరుగుతాయి. స్పెషలిస్టు కోసం మాత్రం నెలలు ఆగాల్సి రావచ్చు. అందుకే బీమా కూడా ఉంచుకోండి. పెద్ద ఆపరేషన్లకు అంగ్రా, రియో, సావో పౌలో వైపు వెళ్లాలి. గుండె జబ్బు ఉన్నవాళ్లు ఈ దూరాన్ని లెక్కలోకి తీసుకుని తీరాలి. అంబులెన్సు 192, అగ్నిమాపక దళం 193, పోలీసు 190.

అడవి పక్కనే కాబట్టి జరరాకా అనే విషసర్పం తిరుగుతుంది. దాని విరుగుడు ఇంజక్షన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే దొరుకుతుంది, ప్రైవేటుకు వెళ్లి టైం పోగొట్టుకోవద్దు. డెంగీ మనకు తెలిసిందే, కుండీల్లో నీళ్లు నిలవనివ్వొద్దు.

అడుగు 8: వంటిల్లు

ఇండియన్ షాపు ఈ ఊళ్లో దొరుకుతుందని రావొద్దు. కానీ అన్నం, పప్పు తినే దేశానికే వస్తున్నారు. రోజూ మధ్యాహ్నం అన్నం, చిక్కుడు గింజల పులుసు తినడం వీళ్ల అలవాటు. బెండకాయ, సీమ వంకాయ, గుమ్మడి, చేదు వంకాయ లాంటి జిలో, కర్రపెండలం, అరటికాయ, బొప్పాయి వారపు సంతలో దండిగా దొరుకుతాయి. కర్రపెండలం, జీడిమామిడి ఈ ఖండం నుంచే మన దేశానికి వచ్చాయి. పెద్దాపురం సగ్గుబియ్యానికీ పలాస జీడిపప్పుకూ మూలం ఇటువైపే. తాజా జీడిపండు రసం ఇక్కడ తాగి చూడండి.

కందులు గింజలుగా, గువాందు పేరుతో దొరుకుతాయి. మన కందిపప్పులా చీల్చినవి చిన్న ఊళ్లలో దొరకవు. పసుపు బటాణీ బద్దలతో పప్పుచారు బాగానే కుదురుతుంది. పెసలు, మసూర్ పప్పు, జీలకర్ర, ధనియాలు సావో పౌలో పాత మార్కెట్ దగ్గరి ధాన్యాల వీధుల్లో, అంటే జోనా సెరెయాలిస్టాలో, ఒకేసారి కొనుక్కురండి. ఇంగువ, చింతపండు కొంత సూట్‌కేసులో ప్యాకెట్లుగా తెచ్చుకోవచ్చు. విత్తనాలు, కరివేపాకు మొక్కలు మాత్రం తేవద్దు, విమానాశ్రయంలో వ్యవసాయ తనిఖీ ఉంటుంది. ఇండియా నుంచి పార్సిల్ పంపించుకుంటే దిగుమతి పన్ను ఊరగాయ ధరను దాటేస్తుంది.

ప్రెషర్ కుక్కర్ ప్రతి ఇంట్లోనూ ఉంటుంది కానీ ఇక్కడి కుక్కర్ మన కుక్కర్‌లా విజిల్ వేసి ఆగదు, ఆవిరి వదులుతూనే ఉంటుంది. నిమిషాలు లెక్కపెట్టుకుని వండాలి. శాకాహారులు హోటల్లో "మాంసం తినం" అని చెబితే సరిపోదు. కోడి, చేప, హాము, పందికొవ్వు ఏవీ వద్దని విడివిడిగా చెప్పండి. చిక్కుడు గింజల పులుసులో పంది మాంసం ముక్కలు వేయడం మామూలు.

అడుగు 9: పన్ను, ఇంటర్నెట్

ఫైబర్ ఇంటర్నెట్ ఊళ్లో బాగుంది, కొండవైపు పల్లెల్లో అడిగి తెలుసుకోవాలి. పెద్ద వానలకు కరెంటు పోతుంది కాబట్టి రౌటర్‌కు ఒక చిన్న యూపీఎస్ పెట్టుకోండి.

పన్ను విషయంలో చాలామంది పొరపడతారు. పన్నెండు నెలల కాలంలో 183 రోజులు దాటి ఉంటే బ్రెజిల్ మిమ్మల్ని పన్ను నివాసిగా చూస్తుంది. అప్పుడు ప్రపంచంలో ఎక్కడి ఆదాయమైనా ఇక్కడ చూపాలి. విదేశీ ఆదాయం మీద నెలనెలా లెక్కకట్టి చెల్లించాలి, గరిష్ఠ రేటు 27.5 శాతం. ఇండియా-బ్రెజిల్ మధ్య రెండుసార్లు పన్ను పడకుండా 1988లో చేసుకున్న ఒప్పందం ఉంది. దాని లాభం దక్కాలంటే ఇండియాలో కట్టిన పన్ను కాగితాలు ఉండాలి. ఇక్కడి అకౌంటెంట్‌తో ఆర్నెల్లు నిండకముందే మాట్లాడండి. అటు ఇండియాలో ఎన్నారై హోదా రాగానే సేవింగ్స్ ఖాతాను ఎన్నారైల కోసం ఉండే ఎన్నార్వో (NRO) ఖాతాగా మార్పించుకోవాలి.

అడుగు 10: ఊరి మనుషులు

పోర్చుగీసు రాకుండా ఇక్కడ ఉండటం సాధ్యమే కానీ దాన్ని ఉండటం అనను. హోటల్ వీధుల్లో ఇంగ్లిష్‌తో గడుస్తుంది. ప్లంబర్‌తో, నర్సుతో, పక్కింటి పెద్దావిడతో గడవదు. బయలుదేరే ముందు ఆర్నెల్లు చదవండి. షాపులోకి అడుగుపెట్టగానే పలకరింపు చెప్పి, తర్వాతే కావలసింది అడగండి. పెద్దవాళ్లను పేరుకు ముందు డోనా, సెయు చేర్చి పిలుస్తారు, మనం గారు అన్నట్టే.

ఈ తీరపు పాత జనాన్ని కైసారాలు అంటారు. చేపలు పట్టుకుని, కర్రపెండలం పిండి చేసుకుని తరాలుగా బతికినవాళ్లు. రోడ్డు పడ్డాక పెద్ద కంపెనీలు స్థలాల కోసం వచ్చాయి. 1970లలో త్రిందాజీ జనం తమ నేల కోసం ఏళ్ల తరబడి పోరాడారు. పక్కనే 1999లో భూమి హక్కు పొందిన కంపీన్యో క్విలోంబో ఉంది. బానిసత్వం నుంచి బయటపడినవాళ్ల సంతతి ఊరది. గ్వారాని ఆదివాసీ పల్లెలూ ఉన్నాయి. 2025లో బ్రెజిల్ కనీస వేతనం నెలకు 1,518 రెయాల్స్. డాలర్లు సంపాదించేవాళ్లు అడిగినంత అద్దె ఇచ్చేస్తే ఆ వేతనంతో బతికే కుటుంబం ఊరి చివరి వాలు మీదికి జరగాల్సి వస్తుంది. కాబట్టి స్థానిక ధర కనుక్కుని అదే ఇవ్వండి. పడవ సవారీ పెద్ద ఏజెన్సీ దగ్గర కాక పల్లె జాలరుల దగ్గర మాట్లాడుకోండి. ఈస్టర్ తర్వాత యాభై రోజులకు వచ్చే దివీనో పండుగలో ఊరంతా కలిసి భోజనాలు పెడుతుంది. కూరగాయలు తరగడానికి చేతులు కావాలి. వెళ్లండి, ఏడాదిలో దొరకని పరిచయం ఒక్క పూటలో దొరుకుతుంది.

అడుగు 11: కొనడం

ఒక వానాకాలం గడిచాక కూడా ఇక్కడే ఉండాలనిపిస్తే అప్పుడు కొనడం గురించి ఆలోచించండి. ముందుగా అడగాల్సింది రిజిస్ట్రీ ఆఫీసులో ఆ స్థలానికి మత్రీకులా, అంటే నమోదు సంఖ్య ఉందా అని. పరాచీ చుట్టుపక్కల చౌకగా వచ్చే స్థలాల్లో చాలా వరకు అనుభవ హక్కు మాత్రమే ఉంటుంది, పట్టా ఉండదు. స్థానికుల మధ్య అవి చేతులు మారుతుంటాయి. విదేశం నుంచి వచ్చిన మీరు వాటి జోలికి వెళ్లొద్దు.

సముద్రం పక్క స్థలాలకు ఇంకో పాత లెక్క ఉంది. 1831 నాటి సగటు పోటు గీత నుంచి లోపలికి 33 మీటర్ల నేల కేంద్ర ప్రభుత్వానిది. దాన్ని వాడుకునేవాళ్లు ఏటా రుసుము కట్టాలి, అమ్మినప్పుడు 5 శాతం ప్రత్యేక రుసుము కూడా పడవచ్చు. అలాంటి నేలను తీసుకోవడానికి విదేశీయులకు ప్రభుత్వ అనుమతి అవసరం. పాత ఊళ్లో ఇల్లయితే వారసత్వ సంస్థ ఇఫాన్ ఒప్పుకోకుండా కిటికీ రంగు కూడా మార్చలేరు. ఊరి బయట చాలా భాగం కైరుసు రక్షిత ప్రాంతంలోనో బొకైనా జాతీయ ఉద్యానవనంలోనో ఉంది. అక్కడ చెట్టు కొట్టినా, గోడ కట్టినా పర్యావరణ శాఖ జరిమానాలు పెద్దవి. వ్యవసాయ భూమికి విదేశీయుల మీద 1971 చట్టం ఆంక్షలు వేరుగా ఉన్నాయి.

అమ్మేవాళ్లు చూపించిన లాయరును కాక మీ సొంత లాయరును, వీలైతే అంగ్రా నుంచో రియో నుంచో పెట్టుకోండి. మత్రీకులా తాజా నకలు, పన్ను బకాయిల పత్రం, కోర్టు కేసుల పత్రం, స్థలం వాలు మీద ఉంటే పౌర రక్షణ శాఖ ప్రమాద పటంలో అది ఏ రంగులో ఉందో, ఈ నాలుగూ చేతికొచ్చాకే బయానా ఇవ్వండి. డబ్బు బ్యాంకు ద్వారా, విదేశీ మారక ఒప్పందంతోనే తెప్పించుకోండి. ఆ కాగితం లేకపోతే రేపు ఇల్లు అమ్మినప్పుడు సొమ్ము తిరిగి ఇండియాకు పంపడం కష్టమవుతుంది, ఇల్లు చూపించి నివాస హక్కు అడగాలన్నా దానితోనే పని. వీటిలో ఏ ఒక్కటి రాకపోయినా 30 నెలల అద్దె ఒప్పందాన్నే పొడిగించుకోండి.